నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్: మా చెల్లిని పంపించాక రాస్తున్న రివ్యూ

కేంద్ర ప్రభుత్వం ముఖ్యంగా ఎస్సీ పిల్లలకి విదేశాల్లో చదువుకోడానికి ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌తో మా చెల్లి ఇప్పుడు ఇంగ్లండులో ఎంఎస్సీ చదువుతోంది. నీటి సరఫరా, మురుగునీటి శుద్ధి తన సబ్జెక్టు. అప్లికేషన్ ఆలోచన పుట్టినప్పటి నుంచి మీనంబాక్కం ఎయిర్‌పోర్టు దాకా కాగితాల పని చాలావరకు నేనే చూసుకున్నాను. అందుకే ఈ స్కాలర్‌షిప్‌లో ఏది గొప్పగా ఉంది, ఎక్కడ ప్రాణం తీస్తుంది అన్నది రాయాలనిపించింది. చెన్నైలో, బెంగళూరులో మన తెలుగు ఎస్సీ కుటుంబాల్లో డిగ్రీలు చదివే పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లలో దీని పేరైనా విన్నవాళ్లు నాకు తక్కువే తగిలారు.

మాది చెన్నైలో పులియాంతోపు. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి మద్రాసు కార్పొరేషన్ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. కమ్యూనిటీ సర్టిఫికెట్‌లో ఆది ఆంధ్ర అని ఉంటుంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అమ్మ తెల్లారకముందే వీధులు ఊడ్చే పనికి వెళ్తుంది. నాన్న ఏళ్ల తరబడి మురుగు కాలవల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడై ఇంట్లో ఉన్నారు. నేను ఓ ప్రైవేటు ఆస్పత్రిలో ఫార్మసిస్టుని. చెల్లి గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ చదివింది. మురుగునీటి సబ్జెక్టే ఎందుకు పట్టుకుందో మా నాన్నని చూసినవాళ్లు అడగరు.

ముందు ఇది ఏమిస్తుందో చెబుతాను, ఎందుకంటే దీని బలం అంతా అక్కడే ఉంది. 1954-55లో మొదలైన పథకం ఇది. సామాజిక న్యాయం, సాధికారత మంత్రిత్వ శాఖ నడుపుతుంది. ఏడాదికి 125 మందికి ఇస్తారు. అందులో 115 ఎస్సీలకి, 6 సంచార, అర్ధసంచార, విముక్త జాతులకి, 4 భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకి, సంప్రదాయ చేతివృత్తులవాళ్ల పిల్లలకి. మొత్తంలో 30 శాతం ఆడపిల్లలకి కేటాయించారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి, వయసు 35 లోపు ఉండాలి. మాస్టర్స్‌కీ పీహెచ్‌డీకీ మాత్రమే ఇస్తారు, బ్యాచిలర్స్‌కి లేదు.

ఎంపికైతే ట్యూషన్ ఫీజు ఎంత ఉంటే అంత కట్టేస్తారు. బ్రిటన్‌లో ఇంజినీరింగ్ మాస్టర్స్ ఫీజు ఏడాదికి 25,000 నుంచి 30,000 పౌండ్ల దాకా ఉంటుంది. మన డబ్బులో 30 లక్షలు, ఆ పైన. దానిమీద ఖర్చులకి బ్రిటన్ అయితే ఏడాదికి 9,900 పౌండ్లు, అమెరికా, ఇతర దేశాలైతే 15,400 డాలర్లు. పుస్తకాలూ అవీ కొనుక్కోడానికి విడిగా 1,100 పౌండ్లు లేదా 1,500 డాలర్లు. వీసా ఫీజు, మెడికల్ ఇన్సూరెన్స్, రానూ పోనూ ఎకానమీ టికెట్ కూడా ఇస్తారు. తిరిగి కట్టాల్సిన అప్పు ఇందులో రూపాయి లేదు.

ఈ మాట విలువ బ్యాంకుకి వెళ్లి వచ్చినవాళ్లకి తెలుస్తుంది. ఎడ్యుకేషన్ లోన్ 7.5 లక్షలు దాటితే మామూలుగా బ్యాంకులు తాకట్టు అడుగుతాయి. మేముండేది హౌసింగ్ బోర్డు ఇల్లు. మా పేరున పట్టా లేదు, ఊళ్లో సెంటు భూమి లేదు. బంధువుల్లో ష్యూరిటీ సంతకం పెట్టగలిగే జీతం ఉన్నవాళ్లు లేరు. ముప్పై లక్షల చదువు గురించి మా ఇంట్లో మాట్లాడుకోవడమే వింతగా ఉండేది. 1913లో అంబేద్కర్ గారు కొలంబియా యూనివర్సిటీకి వెళ్లింది బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన నెలకి పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్ మీద. ఆ డబ్బు రాకపోయి ఉంటే ఆయన తెలివి ఎంత ఉన్నా ఓడ ఎక్కేవారు కాదు. తెలివికి టికెట్ కొనిపెట్టేవాళ్లు ఒకరుండాలి. ఆ పని ఈ పథకం చేస్తోంది, పూర్తిగా చేస్తోంది. అందుకు నేను మనస్ఫూర్తిగా కృతజ్ఞురాలిని.

ఇక కష్టం. ఈ స్కాలర్‌షిప్‌కి అప్లై చేయాలంటే ముందు విదేశీ యూనివర్సిటీలో సీటు చేతిలో ఉండాలి. ఆ యూనివర్సిటీ, ప్రపంచంలోని యూనివర్సిటీలకి ఏటా ఇచ్చే క్యూఎస్ ర్యాంకింగ్‌లో మొదటి 500లో ఉండాలి. ఆ సీటు కూడా ఏ షరతూ లేకుండా ఇచ్చినదై ఉండాలి, అంటే అన్‌కండిషనల్ ఆఫర్. అందరూ తట్టుకుని పడేది ఇక్కడే. ఫైనలియర్ చదివే పిల్లలకి యూనివర్సిటీలు ఇచ్చేది కండిషనల్ ఆఫరే. డిగ్రీ పూర్తయి, మార్కుల మెమోలు పంపాక గానీ ఆ షరతు తీసేయరు. స్కాలర్‌షిప్ పోర్టల్ మామూలుగా ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో తెరుస్తారు, తేదీలు ఏటా మారుతుంటాయి. అప్పటికి ఏ కాలేజీలోనూ ఫైనల్ రిజల్ట్స్ రావు. కాబట్టి కాలేజీ నుంచి నేరుగా వెళ్లాలనుకునేవాళ్లకి ఈ తలుపు దాదాపు మూసినట్టే. చెల్లి డిగ్రీ అయ్యాక ఓ కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సైట్ ఇంజినీరుగా చేరి, ఆ ఉద్యోగం చేస్తూనే అప్లై చేసింది. తనకి ఆ ఏడాది పనికొచ్చింది, ఈ చదువు ఎందుకు కావాలో యూనివర్సిటీకి రాసిచ్చే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌కి సైటు అనుభవం ప్రాణం పోసింది. కానీ అదే ఏడాదిలో పెళ్లి సంబంధాలు చూసే ఇళ్లు ఎన్నో నాకు తెలుసు. మన ఇళ్లలో ఆడపిల్లకి ఒక ఏడాది గ్యాప్ అంటే ఆ చదువు అక్కడితో ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఇంకోటి. ఎంపికలో క్యూఎస్ ర్యాంకుదే పెద్దపీట. మంచి ర్యాంకు ఉన్న యూనివర్సిటీలో సీటు తెచ్చుకున్నవాళ్లు జాబితాలో పైన ఉంటారు. మీ సబ్జెక్టులో ఆ యూనివర్సిటీ ఎంత మంచిదన్నది అక్కడ లెక్కలోకి రాదు. నీళ్లు, పారిశుద్ధ్యం మీద గట్టిగా పనిచేసే చోట్లు కొన్ని మొత్తం ర్యాంకులో కింద ఉంటాయి. చెల్లికి బాగా నచ్చిన కోర్సు ఒకటి అందుకే వదులుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు చదువుతున్నదీ మంచి కోర్సే, కానీ ఏ కోర్సు అన్నది ర్యాంకు తేల్చడం నాకు సరైన పద్ధతిగా అనిపించలేదు.

డబ్బు అంతా తర్వాత ఇస్తారు, సరే. దానికి ముందయ్యే ఖర్చు సంగతి ఎవరూ చెప్పరు. పాస్‌పోర్టుకి 1,500. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ టెస్టుకి 17,000 పైన. కాలేజీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు (అన్ని సెమిస్టర్ల మార్కుల పత్రాలు), కొరియర్లు, నోటరీలు. బ్రిటన్‌లో చాలా యూనివర్సిటీలకి మాస్టర్స్ అప్లికేషన్ ఫీజు లేదు, అందుకే మేము బ్రిటన్ మీద పెట్టుకున్నాం. అమెరికా యూనివర్సిటీలు ఒక్కోదానికి 75 నుంచి 100 డాలర్ల దాకా తీసుకుంటాయి. ఐదింటికి అప్లై చేస్తే మా అమ్మ నెల జీతం దాటిపోతుంది. సీటు వచ్చాక కొన్ని యూనివర్సిటీలు సీటు నిలబెట్టుకోడానికి డిపాజిట్ అడుగుతాయి. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కి అప్లై చేశాను, ఫలితం వచ్చేదాకా ఆగండి అని చెల్లి మెయిల్ పెడితే తన యూనివర్సిటీ ఒప్పుకుంది. అడగడానికి మొహమాటపడకండి. డిపాజిట్ అనగానే భయపడి సీటు వదిలేసుకున్న అమ్మాయి ఒకరు మా పక్క వీధిలోనే ఉంది.

మా ఇంట్లో ఈ ఖర్చులకి నా జీతం, అమ్మ వేసే చీటీ సరిపోయాయి. ఇంట్లో ఉద్యోగం చేసే అక్కో అన్నో లేని పిల్లలకి ఈ ముందు ఖర్చు పుట్టించడమే పెద్ద పరీక్ష. పేదవాళ్ల కోసం పెట్టిన పథకం కదా, టెస్టు ఫీజూ అప్లికేషన్ ఫీజులూ కూడా ఏదో ఒక రూపంలో ముందే ఇచ్చే ఏర్పాటు ఉండాలి.

సర్టిఫికెట్ల సంగతి చెన్నైవాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను. తమిళనాడులో కమ్యూనిటీ సర్టిఫికెట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్ రెండూ ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలిచ్చే ఇ-సేవై సెంటర్లో అప్లై చేసుకోవచ్చు. అక్కడి నుంచి వీఏఓ (గ్రామ పాలనాధికారి), ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్), తాసిల్దారు దాకా ఫైలు వెళ్తుంది. అమ్మది కాంట్రాక్టు పని. జీతం చీటీ ఒక నెల ఇస్తారు, ఒక నెల ఇవ్వరు. ఆ చీటీ లేదని మా ఫైలు ఒక ఆఫీసులో కదలకుండా ఉండిపోయింది. అక్కడి ఉద్యోగి ఒకాయన, ‘ఫారిన్‌కి పంపేవాళ్లకి ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఎందుకు?’ అని అమ్మ మొహం మీదే అన్నాడు. అమ్మ తమిళంలో, ఒక్క మాట తొణక్కుండా, ‘ఫారిన్‌కి పంపేది నేను కాదు సార్, గవర్నమెంటు. మీరు సంతకం పెడితే పంపుతుంది’ అంది. ఆ సంతకం కోసం ఇంకా తిరిగాం కానీ, ఆ రోజు అమ్మని చూసి నాకు కడుపు నిండిపోయింది.

పేర్ల గొడవ ఇంకో పెద్ద చిక్కు. తమిళనాడులో మన పిల్లల పేర్లు ఇనీషియల్‌తో ఉంటాయి. మన తెలుగు ఇంటిపేరు రికార్డుల్లో ఎక్కడా ఉండదు, నాన్న పేరులోని మొదటి అక్షరం ఒక్కటే ఉంటుంది. పాస్‌పోర్టు దగ్గరికి వచ్చేసరికి ఆ అక్షరాన్ని విడదీసి నాన్న పూర్తి పేరు రాస్తారు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకలా, కమ్యూనిటీ సర్టిఫికెట్‌లో ఒకలా, ఆఫర్ లెటర్‌లో ఒకలా అయింది చెల్లి పేరు. చివరికి ఈ పేర్లన్నీ ఒకే మనిషివి అని స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాయించి, నోటరీ చేయించి అన్నిటికీ జతచేశాం. మీ ఇంట్లో పిల్లలు సెకండియర్‌లో ఉన్నప్పుడే పాస్‌పోర్టు తీసి, అందులో ఉన్నట్టే మిగతావాటిలో సరిచేయించుకోండి.

బెంగళూరులో ఉన్న మన వాళ్లకి వేరే ఇబ్బంది. మా పెద్దమ్మ కొడుకు చిత్తూరు నుంచి వెళ్లి అక్కడ టైల్స్ పనిచేస్తాడు. వాడి కూతురు అక్కడే పుట్టి పెరిగి బీఎస్సీ చదువుతోంది, క్యాస్ట్ సర్టిఫికెట్ మాత్రం ఆంధ్రాది. ఒక రాష్ట్రంలో ఎస్సీ అయినవాళ్లు ఇంకో రాష్ట్రానికి వలస వెళ్తే, అక్కడి రాష్ట్ర ప్రభుత్వం తన ఎస్సీలకిచ్చే ప్రయోజనాలు వీళ్లకి అడగలేరు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లిన ఓ ఎస్టీ కుటుంబం పిల్లవాడి మెడిసిన్ సీటు గొడవ అది. కేంద్ర ప్రభుత్వ ప్రయోజనాలకి మాత్రం ఆ అడ్డు లేదు. సొంత రాష్ట్రం సర్టిఫికెట్‌తో ఎక్కడున్నా అడగొచ్చు. అందుకే వలస కుటుంబాలకి రాష్ట్రాల పథకాలకన్నా ఈ కేంద్ర స్కాలర్‌షిప్పే ఆధారం. మా అన్నకి ఈ మాట చెప్పినప్పుడు చాలాసేపు ఫోన్‌లో మళ్లీ మళ్లీ అడిగి నిర్ధారించుకున్నాడు.

టి.నగర్‌లో ఓ కన్సల్టెన్సీకి కూడా వెళ్లాం. ఫ్రీ కౌన్సెలింగ్ అన్నారు. చెల్లి మార్కులు చూసి వాళ్లు పెట్టిన యూనివర్సిటీల లిస్టులో సగం 500 ర్యాంకు బయటివే. ఈ స్కాలర్‌షిప్ గురించి అడిగితే వాళ్లకి తెలియదు. లోన్ కౌంటర్ పక్క టేబుల్లోనే ఉంది, అటు కూర్చోమన్నారు. పిల్లల్ని చేర్చినందుకు యూనివర్సిటీల దగ్గర కమీషన్ తీసుకునే వ్యాపారం అది. ఎక్కడ కమీషన్ ఉందో అక్కడికే దారి చూపిస్తారు. వాళ్ల మాట విని నిర్ణయం తీసుకోకండి. ర్యాంకింగ్ లిస్టు ఎవరైనా ఫోన్‌లో చూసుకోవచ్చు, గైడ్‌లైన్స్ పోర్టల్‌లో పెడతారు. చెల్లి తన స్టేట్‌మెంట్ అంతా కోట్టూరుపురంలోని అణ్ణా శతజయంతి లైబ్రరీలో కూర్చుని రాసుకుంది. లోపలికి వెళ్లడానికి పైసా కట్టక్కర్లేదు, ఏసీ ఉంటుంది, సొంత పుస్తకాలు, లాప్‌టాప్ తెచ్చుకుని కూర్చోడానికి చోటు ఉంటుంది. రెండు గదుల ఇంట్లో నాన్న దగ్గు మధ్య చదువుకునే పిల్లకి అది ఎంత పెద్ద సాయమో మాటల్లో చెప్పలేను.

నాకు ఒప్పుకోబుద్ధి కాని నిబంధన ఒకటి ఉంది. 2022లో మార్చిన గైడ్‌లైన్స్ ప్రకారం భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాలు చేసేవాళ్లకి ఈ స్కాలర్‌షిప్ ఇవ్వరు. చెల్లిది ఇంజినీరింగ్ కాబట్టి మాకు అడ్డం రాలేదు. కానీ మా వీధిలోనే హిస్టరీలో ఎంఏ చేసిన ఒక అబ్బాయి, మద్రాసులో తెలుగు పారిశుద్ధ్య కార్మికుల చరిత్ర మీద పీహెచ్‌డీ చేయాలనుకున్నాడు. వాడికి ఈ దారి లేదు. మా జనం కథ ఇంకెవరో వచ్చి రాసుకుపోవాలా? ఆ కుటుంబాల్లో పుట్టినవాడు, ఆ భాష తెలిసినవాడు బయటికి వెళ్లి మంచి గురువుల దగ్గర నేర్చుకుని రాస్తే దేశానికి నష్టమేమిటి? ఈ నిబంధన తీసేయాలి. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు.

అక్కడికి వెళ్లాక నెల ఖర్చు సంగతి. 9,900 పౌండ్లని పన్నెండుకి భాగిస్తే నెలకి 825. బ్రిటన్ ప్రభుత్వమే 2025 నవంబరు నుంచి స్టూడెంట్ వీసాకి లండన్ బయట నెలకి 1,171 పౌండ్లు, లండన్‌లో 1,529 పౌండ్లు కావాలని లెక్క పెట్టింది. తేడా మీరే చూడండి. చెల్లి ఉత్తరాన ఓ ఊళ్లో నలుగురితో కలిసి ఇల్లు పంచుకుంటోంది, వంట ఇంట్లోనే. వారాంతాల్లో కొన్ని గంటలు యూనివర్సిటీ క్యాంటీన్లో పని చేస్తోంది. నడిచిపోతోంది. లండన్ యూనివర్సిటీ అయితే ఈ డబ్బుతో బతకడం చాలా కష్టం. ర్యాంకు కోసం లండన్ ఎంచుకునేవాళ్లు అద్దె లెక్క ముందు వేసుకోండి. ఈ అలవెన్సు పెంచాల్సిన అవసరం ఎంతైనా ఉంది.

టెన్షన్ గురించి కూడా చెప్పాలి. 2025 జులైలో, ఆ ఏడాది ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే అవార్డు లెటర్లు ఇచ్చారని, మిగతావాళ్లకి నిధులను బట్టి ఇస్తామన్నారని పేపర్లలో వచ్చింది. ఎంపికైన పిల్లల్ని సీటు గడువు తరుముతుంటే అలా వేచి ఉండమనడం చాలా అన్యాయం. 125 మందికి సరిపడే డబ్బు ఏడాది మొదట్లోనే పక్కన పెట్టాలి. అందుకని మీరు దీనొక్కదాని మీదే కూర్చోకండి. తమిళనాడు సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి రాష్ట్ర ఆదిద్రావిడ (ఎస్సీ) సంక్షేమ శాఖ అణ్ణల్ అంబేద్కర్ పేరున ఏడాదికి 36 లక్షల దాకా ఇచ్చే పథకం ఉంది. తెలంగాణవాళ్లకి అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షలు, బీసీలకి జ్యోతిబా ఫూలే పేరున అలాంటిదే ఉన్నాయి. ఎస్టీలకి కేంద్రంలో గిరిజన మంత్రిత్వ శాఖ విడిగా ఏడాదికి 20 మందికి ఇస్తుంది. రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్లు బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్‌కి అప్లై చేయొచ్చు. అది కులాన్ని బట్టి ఇచ్చేది కాదు, నాలుగు వ్యాసాలు రాయాలి, పోటీ ఎక్కువ.

రేటింగ్ అడిగితే ఐదుకి నాలుగు ఇస్తాను. ఇచ్చే డబ్బుకి ఐదూ ఇవ్వొచ్చు. దాని దాకా చేరే దారికి రెండు కూడా ఎక్కువే. డిగ్రీ అయిపోయి ఏదో ఒక ఉద్యోగంలో ఉన్నవాళ్లకి, ఏడాదిన్నర ముందు నుంచి పని మొదలుపెట్టగలిగినవాళ్లకి, సైన్సో ఇంజినీరింగో పబ్లిక్ హెల్తో చదవాలనుకునేవాళ్లకి కళ్లు మూసుకుని చెబుతాను, అప్లై చేయండి. ఫైనలియర్ పిల్లలు ఇప్పుడే ఐఈఎల్‌టీఎస్‌కి చీటీ వేయడం మొదలుపెట్టండి, సర్టిఫికెట్లు తీసిపెట్టుకోండి, రిజల్ట్స్ వచ్చిన వారంలోనే యూనివర్సిటీలకి రాయండి.

మంత్రిత్వ శాఖకి ఈ రివ్యూ చేరితే నేను అడిగేది ఒకటే. కండిషనల్ ఆఫర్‌ని కూడా తీసుకుని, డిగ్రీ సర్టిఫికెట్ చూపించడానికి ఆగస్టు దాకా గడువు ఇవ్వండి. ఆ ఒక్క వెసులుబాటు ఉంటే మా వీధిలోనే వచ్చే ఏడాది ముగ్గురు అప్లై చేస్తారు.